లింబయ్య కాలు మీది షీల్డు

నందిపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేస్తున్న హన్మాండ్లుకు ఆ రోజు పోస్టులో ఒక పెద్ద కవరు వచ్చింది. నిజామాబాదులో ఆయన చదువుకున్న భాగ్యనిధి కాలేజీకి ఇరవై ఏళ్లు నిండుతున్నాయట. ఆ పండుగకు ఒక సంచిక వేస్తున్నారట. అందులో ఆయనకు సంబంధించిన పేజీని ముందుగా పంపారు.

స్టాఫు రూములో కిటికీ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో ఉంది: ‘మన ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో మూడు మహత్తరమైన అడ్డగింపులు.’

మొదటిది గోల్‌కీపరు రాజారాం కథ. అరవైఒకటిలో కరీంనగర్ వాళ్ల పెనాల్టీని ఛాతీతో ఆపాడని రాశారు. ఆపిన మాట నిజమే, కాని ఛాతీతో కాదు, మూతితో. ఆట అయ్యాక అందరూ గడ్డిలో వంగి అతని రెండు పళ్లు వెతికారు. ఒకటే దొరికింది. అది గుర్తొచ్చి హన్మాండ్లు నవ్వుకున్నాడు.

రెండోది అరవైమూడులో, జడివానలో జరిగిన ఆట. బంతి గోలుగీతకు జానెడు దూరంలో బురదలో కూరుకుపోయి ఆగింది. ఆపింది బురద. అదే సమయానికి జట్టు కెప్టెన్ ఆత్మారాం అక్కడ కాలుజారి వెల్లకిలా పడి ఉన్నాడు. సంచికలో మాత్రం ‘ప్రాణాలకు తెగించి బంతికి అడ్డంగా దూకిన ఆత్మారాం’ అని అచ్చయింది. సంచిక వేస్తున్నది ఆత్మారామే మరి. ఇప్పుడు నిజామాబాదులో పేరున్న వకీలు, కాలేజీ కమిటీలో పెద్ద. హన్మాండ్లుకు నవ్వు ముక్కులోంచి వచ్చింది.

మూడోది తన గురించే. ‘అరవైనాలుగు జిల్లా షీల్డు ఫైనలు. మెరుపులా దూసుకొస్తున్న బోధన్ ఆటగాణ్ణి మన హన్మాండ్లు ఉక్కుగోడలా నిలిచి ఒక్క దెబ్బతో ఆపాడు. ఆ ఒక్క అడ్డగింపుతో షీల్డు మనదైంది. ఇంత గొప్ప అడ్డగింపు ఈ జిల్లా చూడలేదు, చూడబోదు.’

కింద ఫోటో. నలుగురి భుజాల మీద తను. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

లేచి బయటికి వెళ్లి, గోడవారన ఉమ్మేశాడు. నోట్లో ఏమీ లేదు. అయినా రెండోసారి ఉమ్మేశాడు.

లోపలికి వచ్చేసరికి హెడ్మాస్టరు చంద్రయ్య ఆ పేజీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

“ఏం హన్మాండ్లు, గింత పెద్ద ఆటగానివని ఒక్కనాడన్న చెప్పకపోతివి! రేపు ప్రేయర్ల పిల్లలకు చదివి వినిపిద్దాం.”

“వద్దు సార్.”

“గదేందయ్యా, పిల్లలకు హుషారు వస్తది.”

“వద్దంటే వద్దు సార్,” అని పేజీని ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. చంద్రయ్య తెల్లబోయి చూశాడు. హన్మాండ్లు అట్లా మాట్లాడే మనిషి కాదు.

*

పన్నెండేళ్ల కిందటి ఆ ఫైనలు కాలేజీ మైదానంలోనే జరిగింది. అవతల బోధన్ జట్టు. అందులో కుడివైపు ఆడే లింబయ్య చెరుకు బండి తోలే ఆయన కొడుకు. ఇరవై ఏళ్లవాడు, సన్నగా ఉండేవాడు. బూట్లు లేవు, వట్టికాళ్లతో ఆడేవాడు. బంతి అతని పాదం దగ్గర పెంపుడు పిల్లిలా తిరిగేది. మరుసటి నెల హైదరాబాదుకు రమ్మని ఒక పెద్ద జట్టు నుంచి అతనికి పిలుపు కూడా వచ్చి ఉంది.

అతన్ని ఆపే పని హన్మాండ్లుది. మంచి బలం, కాళ్లకు అడుగున తోలుగుబ్బలున్న బూట్లు, గోలుకు ముందు కాపు కాయడంలో జిల్లాలో పేరున్న బ్యాకు. మొదటి సగంలో లింబయ్య అతన్ని మూడుసార్లు బోల్తా కొట్టించాడు. మూడోసారి బంతిని రెండు కాళ్ల సందులోంచి పోనిచ్చి, చుట్టూ తిరిగివచ్చి అందుకున్నాడు. హన్మాండ్లు తిరగబోయి కూలబడ్డాడు. లారీల్లో వచ్చిన బోధన్ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

“ఓ దున్నపోతన్నా, బంతి అటు పోయింది, నువ్వు ఇటు పన్నవేందే!” అని ఎవడో అరిచాడు. కాలేజీ వాళ్లు కూడా నవ్వారు. ఆడపిల్లలు కూర్చున్న వైపు నుంచీ నవ్వు వినిపించింది.

హాఫ్ టైములో ఆత్మారాం నారింజ తొనలు వలుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“హన్మాండ్లూ, వాని బంతిని ఆపుడు నీతోని అయితలేదు. కాలును ఆపు.”

అంతే అన్నాడు. తొన నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఎన్నో ఏళ్లు హన్మాండ్లు ఈ మాటనే పట్టుకుని వేలాడాడు. కెప్టెన్ చెప్పాడు, తాను చేశాడు. కాని లోపల ఒక సంగతి ఉంది. ఆత్మారాం వచ్చి కూర్చునేసరికే అతను ఆ పని చేయాలనుకున్నాడు. ఆడపిల్లలు నవ్వినప్పుడే అనుకున్నాడు. ఆత్మారాం మాట వినగానే అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. ఇప్పుడు తలుచుకుంటే రోత పుట్టించేది అదే.

ఆట ఇంకో ఐదు నిమిషాలుంది. కాలేజీ ఒక గోలు ముందుంది. లింబయ్య బంతి తీసుకుని ఇద్దరిని దాటి వచ్చాడు. ముందు గోల్‌కీపరు ఒక్కడే. హన్మాండ్లు పక్కనుంచి పరుగెత్తుకొచ్చాడు. బంతి ఎటు ఉందో చూడలేదు. కాలు లేపి, బూటు అడుగును ఆ వట్టికాలు ముంజంగ మీద, మోకాలికీ మడమకూ నడుమ, దించాడు. ఎండిన చెరుకుగడను మోకాలికి వేసి విరిచినట్టు చప్పుడైంది.

రిఫరీ ఈల ఊదాడు. బోధన్ వాళ్లకు ఫ్రీ కిక్కు ఇచ్చాడు. అది గోలు మీదుగా ఎక్కడికో పోయింది. లింబయ్యను ఒక తలుపుచెక్క మీద పడుకోబెట్టి మోసుకెళ్లారు. షీల్డు కాలేజీకి వచ్చింది. జట్టు వాళ్లు హన్మాండ్లును భుజాలకెత్తుకున్నారు. ఫోటో ఆయన ‘నవ్వు తమ్మీ’ అంటే నవ్వాడు. ఆయన అనకపోయినా నవ్వేవాడే.

*

ఆదివారం పొద్దున బస్సెక్కి నిజామాబాదు పోయాడు. ఆత్మారాం ఇంటి ముందు గదిలో కక్షిదారులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆత్మారాం లావెక్కాడు. తలుపు దాకా ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. ఒంటికి అత్తరు వాసన.

“రారా ఉక్కుగోడా! పేజీ చూసినవా? ఎట్లున్నది?”

“ఆత్మారామన్నా, మూడోది తీసెయ్యున్రి.”

“ఎందుకు తీసేస్తం? గదే అసలుది.”

“కాలు ఇరగ్గొట్టింది అడ్డగింపు ఎట్లయితదన్నా? మనకు ఎరుకే గదా.”

ఆత్మారాం నవ్వి, తలుపు కొంచెం దగ్గరికి వేశాడు. “ఆటన్నంక దెబ్బలు తాకుతయి. పన్నెండేండ్లాయె, ఇంకెవరికి యాదున్నది? అరే, నువ్వు ఫికరు పడకు. అన్నీ ఇంతజాం చేసిన. లింబయ్య కూడ వస్తుండు.”

“ఏడికి?”

“ఫంక్షన్‌కు. స్టేజీ మీద నీకు శాలువా కప్పేది ఆయనే! ఓడినోని చేతుల మీదుగ గెలిచినోనికి సన్మానం. క్రీడాస్ఫూర్తి అంటే గదిరా. పేపరోళ్లు కూడ వస్తున్నరు.”

హన్మాండ్లు ఎదుటి మనిషి ముఖం చూశాడు. అందులో ఎకసెక్కెం లేదు. ఆత్మారాం నిజంగానే అదొక గొప్ప ఆలోచన అనుకుంటున్నాడు. అది ఇంకా అసహ్యంగా తోచింది.

“ఆయన ఒప్పుకున్నడా?”

“ఒప్పుకోకేం జేస్తడు?” అంటూ ఆత్మారాం కక్షిదారులను లోపలికి పిలిచాడు.

*

బోధన్ బస్సు దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. ఊరంతా కాగిన బెల్లంమడ్డి వాసన. ఫ్యాక్టరీ దారి పొడవునా చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలిచి ఉన్నాయి. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. ఆ వరుస మొదట్లో, తడిక కింద స్టూలు వేసుకుని, వచ్చిన బండికల్లా వరుస నంబరు చీటీ ఇస్తున్న మనిషి లింబయ్య. ఆ పని బండ్ల సంఘం వాళ్లది. చెరుకు ఉన్న నాలుగు నెలలే ఉంటుంది. కుడికాలు ముంజంగ మధ్యలో పక్కకు ఒంగి, కొడవలిలా ఉంది. నాటు వైద్యుడు కట్టిన కట్టులో ఎముక వంకరగానే అతుక్కుంది.

హన్మాండ్లును చూడగానే గుర్తుపట్టాడు. లేవలేదు.

“శాలువా కొలత తీసుకుంటానికి వచ్చినవా అన్నా?”

హన్మాండ్లు మట్టిలోనే గొంతుక్కూర్చున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తులేవు.

“లింబన్నా, ఆనాడు నేను కావాల్ననే తన్నిన,” అన్నాడు.

లింబయ్య ఒక బండాయనకు చీటీ ఇచ్చి, ఎడ్లను ముందుకు అదిలించమని చెప్పి, ఇటు తిరిగాడు.

“నాకు తెల్వదనుకున్నవా? నువ్వు బంతి దిక్కు సూడనే లేదు. నా కాలు దిక్కు సూసినవ్. కాలు లేపంగనే నాకు ఎరుకైంది. తప్పించుకుందామంటే టైము లేకపాయె.”

“స్టేజీ మీద అందరి ముంగట చెప్తన్నా. నేను కాలు ఇరగ్గొట్టిన, గది అడ్డగింపు గాదు అని చెప్తా. ఆత్మారాం చెప్పిండని కూడ చెప్తా. మీరు నాకు శాలువా కప్పే పని లేదు.”

అతను మెచ్చుకుంటాడనుకున్నాడో, ఏడుస్తాడనుకున్నాడో హన్మాండ్లుకే తెలియదు. లింబయ్య ముఖం మాత్రం నల్లబడింది.

“చెప్పి?”

“చెప్పి... నిజం తెలుస్తది గదా అందరికి.”

“నిజం తెలిస్తే నా కాలు సక్కగైతదా? ఇను. నాకు ఈ చీటీల పని నాలుగు నెలలే. మిగిలిన ఎనిమిది నెలలు ఎవరన్న పిలిస్తె పని, లేకుంటె లేదు. కుంటోన్ని నన్నెవరు పిలుస్తరు? బండ్ల సంఘం పెద్ద ఆత్మారాం మేనమామ. ఫంక్షన్‌కు వచ్చి శాలువా కప్పితె సంఘం ఆఫీసుల ఏడాదంత పని ఇప్పిస్త అని ఆత్మారాం అన్నడు. అందుకే ఒప్పుకున్న. నువ్వు స్టేజీ మీద ఒర్రినవనుకో, ఆ పని పాయె.”

హన్మాండ్లు తల దించుకున్నాడు.

“అప్పుడు నీకు షీల్డు కావాల్నంటే నా కాలు తీసుకున్నవ్,” అన్నాడు లింబయ్య, గొంతు పెంచకుండానే. “ఇప్పుడు నువ్వు మంచోనివి కావాల్నంటే నా నౌకరి తీసుకుంటవా?”

వెనక బండాయన ‘ఓ లింబన్నా, చీటియ్యి’ అని కేకేశాడు. లింబయ్య స్టూలు మీద అటు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు.

*

ఫంక్షన్ రోజు మైదానంలో షామియానా వేశారు. కుర్చీలన్నీ నిండాయి. హన్మాండ్లు భార్య భూమవ్వ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఆమెకు ఇదంతా మొగుడి గొప్పే. నందిపేట నుంచి వస్తూ దారిలో రెండుసార్లు అంగీ కాలరు సర్దింది.

ఆత్మారాం మైకు ముందు నిలబడి మూడు అడ్డగింపులనూ ఆట నడుస్తున్నట్టే వర్ణించాడు. తన బురద కథ చెప్పినప్పుడు వెనక వరుసలోంచి రాజారాం “బురదకు కూడ ఒక శాలువా కప్పున్రి!” అని అరిచాడు. జనం నవ్వారు. ఆత్మారాం కూడా నవ్వేసి మూడోదానికి వచ్చాడు. “లింబయ్య వచ్చె, వచ్చె, వచ్చె... ఎదురుగ ఎవరు? మన హన్మాండ్లు! ఒక్క దెబ్బ! ఖేల్ ఖతం!” చప్పట్లు మోగాయి.

లింబయ్యను స్టేజీ మీదికి పిలిచారు. మూడు మెట్లు. ఒక్కో మెట్టు మీద మంచికాలు పెట్టి, ఆ ఒంగిన కాలును చేత్తో లాక్కుని ఎక్కాడు. అంతసేపూ చప్పట్లు ఆగలేదు. తెల్ల అంగీ వేసుకున్నాడు, ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. శాలువా అందుకుని హన్మాండ్లు భుజాల మీద కప్పాడు. ముఖాలు దగ్గరకు వచ్చినప్పుడు “నవ్వు,” అన్నాడు మెల్లగా. “అప్పుడు మంచిగనే నవ్వినవ్ గదా.”

హన్మాండ్లు నవ్వాడు. చెంపలు కొయ్యబారాయి.

ఇంతటితో అయిపోతుందనుకున్నాడు. కాని ఫోటో తీసే మనిషి ముందుకు వచ్చాడు. “సార్, ఆ అడ్డగింపు ఎట్ల జేసిన్రో ఒక్కసారి చూపెట్టున్రి. ఫోటో మస్తుగ వస్తది.”

ఆత్మారాం ముఖం వెలిగిపోయింది. “శభాష్! బంతి తేండ్రి!”

ఎవరో బంతి తెచ్చి లింబయ్య ముందు పెట్టారు. హన్మాండ్లు ఆత్మారాం చెయ్యి పట్టుకుని, “అన్నా, గిది వద్దు. దండం పెడ్త,” అన్నాడు. మైకుకు ఆ మాట అందలేదు. ఆత్మారాం నవ్వుతూనే అతన్ని ముందుకు నెట్టాడు.

హన్మాండ్లు లింబయ్య వైపు చూశాడు. లింబయ్య కళ్లు ఆత్మారాం మీద ఉన్నాయి. తరువాత ఆ ఒంగిన కాలును తనే ముందుకు జరిపి బంతి పక్కన పెట్టాడు. పెట్టి, కానియ్యి అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

హన్మాండ్లు కాలు లేపాడు. చెప్పు అంచు ఆ ముంజంగకు తగిలింది. ప్యాంటు గుడ్డ కింద ఎముక బుడిపె గట్టిగా తెలిసింది. “అట్లనే ఉండున్రి, అట్లనే! ఇంకొకటి!” అన్నాడు ఫోటో ఆయన. కింద జనం ఈలలు వేశారు. ముందు వరుసలో భూమవ్వ కూడా చప్పట్లు కొడుతూ ఉంది. ఆ మనిషి రెండు ఫోటోలు తీశాడు.

హన్మాండ్లు మెట్లు దిగి, షామియానా వెనక్కు పోయి, పంపు దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. దాంతో తన మీద, జనం మీద, చప్పట్ల మీద ఉన్న రోత పావు వంతైనా పోలేదు. భూమవ్వ వెతుక్కుంటూ వచ్చి వీపు రాసింది.

“ఎండ కొట్టిందా ఏంది?”

“ఎండ గాదు,” అన్నాడు. అక్కడే, పంపు గట్టు మీద కూర్చుని, నారింజ తొనల దగ్గర నుంచి మొత్తం చెప్పాడు. పదేళ్ల కాపురంలో మొదటిసారి.

“నేను చప్పట్లు కొడ్తి,” అంది భూమవ్వ, అరచేతులు చూసుకుంటూ. “మరి ఆ నౌకరన్న ఇప్పిస్తడా వాడు?”

*

ఇప్పించలేదు. నెల గడిచింది, చెరుకు ఆడే రోజులు ముగింపుకు వచ్చాయి. రాజారాం చెప్పాడు, ఆత్మారాం ఆ సంగతే మర్చిపోయాడని.

ఆ ఆదివారం హన్మాండ్లు మళ్లీ నిజామాబాదు పోయి, ఆత్మారాం ఇంటి ముందు గదిలో కక్షిదారుల బెంచీ మీద కూర్చున్నాడు.

“ఏందిరా?” అన్నాడు ఆత్మారాం.

“లింబయ్య పని.”

“చూస్త, చూస్త. మామ ఊళ్లె లేడు.”

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఆ పై ఆదివారం కూడా. ఆత్మారాం విసుక్కున్నాడు, ఒకసారి లోపల ఉండి లేడనిపించాడు. హన్మాండ్లు సాయంత్రం దాకా కదల్లేదు. ఆ గుమ్మం తొక్కడమంటే అతనికి ఒళ్లు జలదరించేది. ఆ అత్తరు వాసన, ‘ఉక్కుగోడ వచ్చిండురా’ అన్న వెటకారం, గోడకు కొత్తగా పటం కట్టించి పెట్టిన ఆ స్టేజీ ఫోటో. దాని ఎదురుగానే కూర్చునేవాడు. వచ్చిన కక్షిదారులు ఫోటోలో మనిషిని, బెంచీ మీద మనిషిని మార్చి మార్చి చూసి, సంగతేమిటని అడిగేవారు. అడిగినవాళ్లకల్లా చెప్పేవాడు, గొంతు దాచుకోకుండా: “ఆయన కాలు నేనే ఇరగ్గొట్టిన. కొట్టుమన్నది వకీలు సాబ్. ఆ కుంటాయనకు ఇప్పుడు పని ఇప్పిస్తనని మాట ఇచ్చిండు. గా మాట కోసం కూసున్న.”

ఐదో ఆదివారం ఆత్మారాం బయటికి వచ్చి పళ్లు బిగించి అన్నాడు. “నా ఇంట్ల కూసోని నా ఇజ్జత్ తీస్తున్నవారా?”

“ఇజ్జత్ గురించి నేనొక్క మాటన్న అంటలేనన్నా. అడిగినోళ్లకు జరిగింది చెప్తున్న.”

“పోలీసులను పిలుస్త.”

“పిలువున్రి. వాళ్లు కూడ అడుగుతరు గదా ఎందుకు కూసున్నవని.”

ఏడో ఆదివారం ఆత్మారాం ఏమీ మాట్లాడకుండా ఒక కాగితం తెచ్చి బెంచీ మీద పడేశాడు. బండ్ల సంఘం ఆఫీసులో లింబయ్యకు ఏడాది పొడుగునా పని ఇస్తున్నట్టు మేనమామ సంతకం ఉంది. హన్మాండ్లు దాన్ని మూడుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, దండం పెట్టకుండా బయటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నమే బోధన్ పోయాడు. ఫ్యాక్టరీ దారి ఖాళీగా ఉంది. లింబయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాగితం తీసుకుని, అంకెలు తప్ప చదువు రాకపోయినా సంతకాన్ని వేలితో తడిమి, లోపల ఉన్న భార్యను కేకేసి ఇచ్చాడు. ఆమె దాన్ని దేవుని పటం వెనక పెట్టబోతుంటే, వద్దు, పెట్టెలో పెట్టమన్నాడు.

“కూసో అన్నా, చాయి పెడ్త,” అంది ఆమె.

“ఆయనకు బస్సున్నది,” అన్నాడు లింబయ్య.

హన్మాండ్లు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఏదో ఒక మాట వస్తుందేమోనని కాసేపు చూశాడు. లింబయ్య కాలు చాపుకుని, ముంజంగ మీద అరచేత్తో రుద్దుకుంటూ వీధి వైపు చూశాడు.

“పని ఇప్పిచ్చినవ్. మంచిది,” అన్నాడు చివరికి. “ఇంక రాకన్నా. నిన్ను సూస్తె నా కాలు గుంజుతది.”

“రానన్నా,” అన్నాడు హన్మాండ్లు.

బస్సు కోసం రోడ్డెక్కాడు. నందిపేట చేరేసరికి భూమవ్వ వాకిట్లో నిలబడి ఉంది. ఇప్పించావా అన్నట్టు చూసింది. తల ఊపాడు. ఆమె నీళ్లు ఇచ్చింది. కాళ్లు కడుక్కున్నాడు. ఆ తరువాత ఎప్పుడూ అతను బోధన్ వైపు పోలేదు.